అడుగు పని

మాఘం పోయి, గోదారి సన్నబడ్డంక
రామన్నగూడెం రేవుల పడవను బోర్లేస్తరు.
ఎనిమిది మంది ఎత్తుతరు, ఒక్కరు తిడుతరు.
తిట్టేది మా మామ ఓదెలు.
తర్వాత అందరు చాయకు పోతరు.
అడుగు నాకు మిగుల్తది.

పైన రంగు వాళ్లది. నీలం, పసుపు,
ముందట రెండు కండ్లు.
ఎక్కేటోళ్లు చూసేది దాన్నే.
నీళ్లు చూసేది నా పని.

మొదలు పాచి గీకుత.
ఎండినంక అది పచ్చగుండదు,
ఎలుక తోక లెక్క బూడిద రంగు,
గోరుతోని లేపితే చేప వాసన.
మొన్నటేడు కార్తీకంల ఆ పాచితోనే తిరిగింది పడవ.
రెండువందల పది తెడ్లు పడే తొవ్వకు
రెండువందల అరవై పడ్డయి.
లెక్క నేను పెట్టిన. మామ నమ్మలే.
"గాలి ఎదురొచ్చింది" అన్నడు.
గాలి రోజూ ఎదురొస్తదా మామా
అని నేను అనలే.
బొగ్గుతోని గోడ మీద రాసి పెట్టిన.

మా అత్త ఉన్నప్పుడు తారే.
గుగ్గిలం దంచి, వేపనూనె కాచి,
పేడ అలికినట్టు మందంగ పూసేది,
చీపురు గీతలు అట్లనే ఉండేటియి.
పడవ సూడి బర్రె లెక్క నడిచేది.
తొమ్మిదేండ్లు చెక్క చివుకలే.

నేనొచ్చి ములుగు నుంచి డబ్బ పెయింటు తెప్పిచ్చిన.
నున్నగ, నిగనిగ.
ఏడాది తిరక్కముందే అడుగంత పొక్కులు.
పొక్కు పొడిస్తే లోపట తడి.
దుకాణపోన్ని తిట్టినం అందరం.
తడి చెక్క మీద పూసింది నేను.
ఎవరికి చెప్పలే. ఇప్పుడు చెప్తున్న.

నిరుడు మా మరిది కొడుకు సుమన్ వచ్చిండు,
హన్మకొండల కార్లు కడిగే కాడ చేస్తడు.
మైనం తెచ్చి తోమితే అడుగు అద్దమైంది.
నీళ్లు చల్లితే చుక్కలు
గుండ్రంగ నిలవడ్డయి.
"చూడు పెద్దమ్మా, అంటుతనే లేవు."
నిలవడ్డ చుక్కకు, జారే ఏరుకు
ఏం సుట్టరికమో నాకు తెల్వదు.
రెండు తెడ్లు తగ్గినయి, అబద్ధమెందుకు.
శ్రావణంల ఎర్రనీళ్లు రాంగనే
ఏరు తన గరుకు కాయితం తీసింది:
ప్రాణహిత ఇసుక, ఇంద్రావతి ఇసుక.
మూడ్రోజులల్ల ముక్కు కాడ చెక్క తేలింది.

ఈ యేడు పదిహేను రోజులు ఆగిన.
చెక్క మీద చెయ్యి పెడితే చల్లగుంటే
ఇంక ఎండలేదన్నట్టు.
మామ పండ్లు కొరికిండు. కొరకనీ.

గరుకు కాయితం మూడు తీర్లు.
మొదటిది కుక్క పిల్ల లెక్క కొరుకుతది,
రెండోది పిల్లి నాలుక,
మూడోది తడిపి రుద్దాలె,
కుడితి లెక్క తెల్లగ కారుతది మోచేతి దాక.
మెరవదు. మెరవకున్న పర్వలేదు,
ఏరుకు అద్దం చూసుకునే పని లేదు.

ఒక్కటే తిప్పలు.
పదకొండేండ్లు రుద్ది రుద్ది
చెక్క గరుకంత నా అరచేతికొచ్చింది.
ఏది నునుపో చెయ్యి చెప్తలేదు.
అందుకే తెల్లారకముందు, రేవుల ఎవరు లేనప్పుడు,
మోకాళ్ల మీద కూసోని
పడవ అడుగుకు చెంప ఆనిచ్చి
ముక్కు నుంచి తోక దాక పోత.

ఒక పొద్దు సారవ్వ చూసింది.
బిందె కింద పెట్టింది. ఏం అనలే.
అవతలి పక్క కూసోని తన చెంప ఆనిచ్చింది.
శానసేపటికి, "ఈడ పుల్ల లేసింది" అన్నది.
నిజమే. లేసింది.

ముక్కుకు అత్త తారు మందంగ పూసిన,
అడుగుకు పెయింటు పల్చగ, రెండు సుట్లు.
"గిదేం అతుకుల బొంత?" అన్నడు మామ.
"కొట్టుకునేది ముక్కు, జారేది అడుగు" అన్న.
మామ బీడీ ముట్టిచ్చుకున్నడు.

ఎర్రనీళ్లు వచ్చినయి, పోయినయి.
తారు చెక్కలు చెక్కలు లేసింది గని
కింద చెక్క మాత్రం తేలలే.
కార్తీకంల ఒక పొద్దు
అవతలి ఒడ్డు నుంచి వచ్చి, తాడు కట్టి,
మామ నా దిక్కు చూడకుంటనే
"రెండువందల పదకొండు" అన్నడు.
నేనేం అడగలే.