రాస్కో అక్కా

రాత్రి రెండు దాటాక
బ్యారేజీ మీద బైకుల చప్పుడు పల్చబడుతుంది.
వరద గదిలో నేనూ, ఒక ట్యూబులైటూ,
దాని చుట్టూ రెక్కలు రాల్చుకునే ఉసిళ్ళూ,
గళ్ళు గీసిన పెద్ద పుస్తకమూ.

ఫోను మోగుతుంది.
జూరాల నుంచి కుర్మయ్య.
"రాస్కో అక్కా."
అంతే. దండాలూ కుశలాలూ ఉండవు.
నారాయణపూర్‌లో బసలింగప్ప కన్నడంలో చెప్పిన అంకెను
తెలుగులోకి దింపి, తన అంకె పక్కన నిలబెట్టి
నాకు అప్పగిస్తాడు,
పసిపిల్లను చేతులు మార్చి
గోడ అవతలికి అందించినట్టు.
ఎరడు లక్ష, రెండు లక్షలు,
రెండు పక్కన ఐదు సున్నాలు.
సున్నాల్లో ఒక్కటి నా పెన్ను జార్చిందా
రాణిగారితోటలో మా అమ్మ మంచం తేలుతుంది.

ఎనిమిదేళ్ళుగా ఆ గొంతు తెలుసు, మొహం తెలీదు.
దగ్గును బట్టి, చుట్ట మానలేదని తెలుసు.

ఒక ఏడాది వాన మొహం చాటేసింది.
పైవాళ్ళు బిగబట్టారని మేమూ
కిందివాళ్ళు కాజేశారని వాళ్ళూ.
డ్యాము నడిమధ్యన ముళ్ళకంచె పడింది.
ఇటు పోలీసులు, అటు పోలీసులు,
ఇద్దరికీ టీ మాత్రం ఒకే బండి నుంచి.
మా ఆఫీసుకో కాగితం వచ్చింది:
ఇకమీదట సమాచారమును సరియైన మార్గముననే కోరవలెను.

సరియైన మార్గమంటే
జూరాల నుంచి గద్వాల, అక్కణ్ణుంచి హైదరాబాదు,
హైదరాబాదు నుంచి ఢిల్లీ, అక్కడో సంతకం,
సంతకం పెట్టేవాడు సెలవులో ఉంటే మరో వారం,
ఆ తర్వాత మెట్లు దిగి బెజవాడ.
నీళ్ళకు ఆ దారి తెలీదు.
శ్రీశైలం మీదుగా వచ్చేస్తాయి.

ఆ రాత్రి ఆఫీసు ఫోను మోగలేదు.
టిఫిన్ డబ్బా పక్కన, సంచిలో, నా సొంత ఫోను మోగింది.
"రాస్కో అక్కా. ఏం ఇడుస్తలేం. సున్నా."
సున్నా అని చెప్పడానికి ఫోన్ చేశాడు.
దాన్ని గుండ్రంగా, తొందర లేకుండా రాశాను.
"మీకు తాగనీకన్నా ఉన్నయా?"
ఉన్నాయన్నాను.
అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.
కుళాయి కింద బిందె పెట్టి
గంటసేపు దాని మొహం చూస్తూ కూర్చోవాలి.
"మరి మీకో?" అంటే
దగ్గాడు.

కోర్టు కాగితాల్లో పంపకం అని రాస్తారు.
టీఎంసీల్లో, దశాంశాల్లో,
వేరు పడ్డ అన్నదమ్ములు ముంతతో పెరుగు కొలుచుకున్నట్టు.
తప్పని నేననను.
కొలత లేకపోతే కాలవ చివరి చేనికి
అందేది తడి వాసన ఒక్కటే.
కానీ ఆ మాట కడుపులో పంపడం కూడా ఉంది.
ఎన్ని వాయిదాలు గడిచినా
దాన్నెవరూ బయటికి పిలవలేదు.

మరుసటేడు శ్రావణంలో రెండు ఫోనులూ ఒకేసారి మోగాయి.
"సలోమక్కా, ఇది పెద్దది. మీ అమ్మను లేపు."
సైరన్‌కు ముందు కలెక్టరాఫీసుకు చెప్పాను.
మైకు బండి కృష్ణలంక సందులన్నీ తిరిగింది.
అమ్మ రేషన్ కార్డూ, స్టవ్వూ, బైబిలూ
అట్టపెట్టెలో సర్దుకుని స్కూలు మేడెక్కింది.
ఆమె వెనక వీధంతా.
కోడి ఒకటి దిగనంది, దాన్నీ ఎక్కించారు.

మూడో రోజు తెల్లారగట్ల,
ఎనిమిదేళ్ళలో మొదటిసారి, నేనే చేశాను.
"కుర్మయ్యా, ఈసారి నువ్వు రాసుకో.
ఇరవై అడుగులు. ఘాటు మెట్లు కనబడ్డం లేదు.
మనుషులెవరూ పోలేదు.
నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, మధ్యలో నల్లటి చార."

చాలాసేపు మాట లేదు.
కాగితం మీద పెన్ను గీకిన చప్పుడు.
"ఎర్రది మాదక్కా" అన్నాడు.
"నల్లది బసలింగప్పది. ఆయనకు చెప్త."

మా పుస్తకంలో మట్టానికి గడి ఉంది,
వచ్చిందానికి, పోయిందానికి, టైముకు, సంతకానికి ఉంది.
రంగుకు లేదు.
మార్జిన్లో రాశాను.