ఇస్త్రీ కింద పడవ

ముహర్రక్ సందులో ఇస్త్రీ దుకాణం నాది.
నాదంటే, బాపుట్టిది. పెట్టె వేడి మాత్రం నాది.
వచ్చిన మొదటి వారం ఉమ్ మాజిద్
నాలుగు తోబులు బల్ల మీద పడేసి
"కమ్ రుబియా?" అన్నది.
నా చెవిలో కోరుట్ల అంగడి మోగింది.

ఇక్కడ రూపాయి లేదు.
దినార్ ఉన్నది, దానికి వెయ్యి ఫిల్సులు.
అయినా ముసలోళ్ళ నోట్లె వంద ఫిల్సులు
ఇంకా ఒక రూపాయే.
రొట్టెల బట్టీ కాడ, చేపల బేరం కాడ,
మనవడి గుప్పిట్లో ఈద్ పైసలు పెట్టేటప్పుడు,
రూపాయే.
ఆ ఒక్కదానికి మనవి ఇరవైకి పైన రావాలె.
పేరొక్కటే, బరువు వేరు,
మా వాడకట్టులో ఇద్దరు లస్మయ్యలున్నట్టు.

నామరూపాల్లేకుండ పోయిందంటరు మావోళ్ళు.
దీనికి రూపం పోయి అరవై ఏండ్లు,
నామం ఇంకా బేరమాడుతున్నది.
నవ్వెటందుకు మనకేం హక్కున్నది?
అణా ఎన్నడో చచ్చింది,
మా అవ్వ మాత్రం నిఖార్సయినోణ్ణి
పదహారణాల మనిషంటది.

మొన్న మొగుని బిష్త్ తెచ్చిందామె.
ఆయన పోయి ఏడాది.
లోపలి జేబు తడిమితే
ఎనిమిది మడతల కాగితం.
ఎర్రది. ముందు సింహాలు,
వెనక తెరచాప పడవ, పక్కన అక్షరాల నిచ్చెన,
అందుల ఒక మెట్టు మీద
పది రూపాయలు.
తెలుగులో.
సముద్రం దాటొచ్చినంక
చచ్చిపోయిన మనిషి జేబులో
నా అక్షరాలు నాకు దొరకడం అదే మొదలు.

ఆమె కూర్చోకుండనే చెప్పింది:
ముందు వెండివి వచ్చేవి,
ముత్యాలు బొంబాయికి పోయి, తిరుగు ఓడల్లో.
తర్వాత కాగితాలు.
బంగారం దొంగదారి పట్టిందని
మీవాళ్ళే మాకు వేరే రంగు నోట్లు అచ్చేసిన్రు.
నంబరు ముందు జడ్ చూడు.
మీ దేశంల పుట్టింది,
మీ దేశంల చెల్లదు.

నేనేమనలే.
నా పాస్‌పోర్ట్ బాపుట్టి సొరుగులో ఉన్నది.

అరవై అయిదులో పది ఇస్తే ఒక దినార్ ఇచ్చిన్రట.
బ్యాంకు ముందు బారులు.
ఆయన అన్నీ మార్చి ఒక్కటి దాచిండు.
ఎందుకని అడిగిన.
"పడవ కోసమేమో.
ఆ ఓడ మీదనే పనిచేసినా అనేటోడు. అబద్ధం."
అని, ఉన్నట్టుండి గట్టిగ నవ్వింది,
ఏడాది నుంచి జేబులో మడిచిపెట్టిన నవ్వు.

దీనికీ ఇస్త్రీ చెయ్యమన్నది.
పట్టుకు పెట్టే వేడి పెట్టి, మీద తడిగుడ్డ పరిచి,
ఊపిరి బిగబట్టి ఒత్తిన.
సింహాలు లేచి కూర్చున్నయి.
"కమ్?"
"ఒక రూపాయి" అన్న.
వంద ఫిల్సుల బిళ్ళ బల్ల మీద పెట్టి,
వేడి నోటు మీద ఊదుకుంటూ పోయింది.

తెరచాప నడుమ మడత మాత్రం
పోలే.