పంటు మీద వరస

ఆకివీడులో, మేతకొట్టు మేడమీద గదిలో
నా పాత కంప్యూటరు వండుతుంది.
తినేవాళ్ళు ముగ్గురు. మూడూ వేరే నోళ్ళు.

ఒకటి ఈ కంప్యూటరే.
ఒకటి చెరువు గట్టున ప్లాస్టిక్ డబ్బాలో కూచున్న
అరచేతంత బోర్డు.
మూడోది పాతసామాన్ల కొట్లో కేజీల లెక్కన కొన్న రూటరు,
దాని ప్రాసెసరు పేరు ఇప్పుడెవరూ తలవరు.
గంట కొట్టే పని మాత్రం దానిదే.

రాసింది ఒక్కసారే:
నీళ్ళలో ఆక్సిజన్ చదువు, నాలుక్కి తగ్గితే గంట కొట్టు.
దాన్నే మూడు కంపైలర్లు
మూడు యాసల్లోకి దింపాయి.
మూడుసార్లూ తప్పులు సున్నా అంది తెర.
నేను పెసరట్టు తిని పడుకున్నాను.

తెల్లారుజామున మూడింటికి కాపలా దానియేలు ఫోను.
"రొయ్యలు పైకొచ్చేసాయండి. ఏరేటర్లు నేనే వేసేసాను."
తెర చూసాను, సగం నిద్రలో.
"ఆరువందల అరవై అయిదు చూపిస్తోందయ్యా."
"ఆయ్, అంతుంటే మరి పైకెందుకొచ్చాయండి?"

బండి మీద వెళ్ళేసరికి ఏరేటర్లు
చీకటిని తెల్లగా చిలుకుతున్నాయి.
టార్చి వేస్తే నీటి అంచు పొడుగునా కళ్ళు,
ఆరని నిప్పురవ్వలు.

గట్టు మీదే ల్యాప్‌టాప్ తెరిచాను.
రెండంటే రెండు బైట్లు.
బోర్డు చిన్నదాన్ని ముందు పంపింది,
రూటరు పెద్దదే ముందొస్తుందనుకుంది.
రెండు పాయింట్ ఆరు కాస్తా
అటుది ఇటై ఆరువందలు దాటింది.

నర్సాపురం రేవులో పంటు గుర్తొచ్చింది.
చివర ఎక్కిన మోటారు సైకిలు
సఖినేటిపల్లిలో ముందు దిగుతుంది.
తప్పు పంటుది కాదు, బళ్ళవీ కాదు.
ముందు దిగిందే ముందెక్కిందని
అవతలి ఒడ్డున రాసుకున్న గుమాస్తాది.
ఆ గుమాస్తాని రాసింది నేను.

ఎవరు ముందో ఊహకి వదలకుండా
రెండు లైన్లలో చెప్పాను.
మళ్ళీ వండాను. మళ్ళీ తప్పులు సున్నా.
ఈసారి ఆ సున్నాని నమ్మలేదు,
మూడు తెరలూ పక్కపక్కన పెట్టుకుని
ఒకే అంకె వచ్చేదాకా చూసాను.

అప్పటికి తూర్పున కొబ్బరాకులు కనిపిస్తున్నాయి.
దానియేలు చచ్చిన రొయ్యల్ని ఏరి
గట్టు మీద పేరుస్తున్నాడు, తలలన్నీ చెరువు వైపే.
అలా ఎందుకని అడిగాను.
చెయ్యి ఆపలేదు.
"ఇంకోడొచ్చి చూసినా
లెక్క తప్పకుండా ఉంటదండి."