సొన పట్టిన వేళ్లు

మళ్లా వచ్చినావా ధనకోటీ,
కూర్చో నాయనా, ఆ ప్లాస్టిక్ డబ్బా బోర్లించుకో.
రాత్రి షిఫ్టు దిగి ఇంకా మొగం కూడా కడగలేదు నేను.
కండువా మడిచి జోబీలో పెట్టుకున్నట్టుండావే.

మా సంతపేట మీ చేతిలోంచి ఎందుకు జారిందని
ట్యాబులో రాసుకుంటావా? రాసుకో.
తోటాపురి లారీలు గుజ్జు ఫ్యాక్టరీ ముందర బారులు తీరతాయి గదా,
ఆ రెండు నెల్లూ తొక్క తీసి తీసి
సొనకు నా వేళ్లు తెల్లంగా పొక్కిపోతాయి.
రేషన్ మిషను నన్ను గుర్తుపట్టదు.
నాలుగు తూర్లు అదిమించి
"నువ్వు నువ్వు కాదంట, పో" అంటాడు డీలరు.
ఓట్ల నాడు మాత్రం సిరా భలే అంటుకుంటాది.

పీఎఫ్‌లో నేను మునియమ్మ. ఆధార్‌లో మునెమ్మ.
ఒక్క 'య' కాడ నాలుగేండ్ల దుడ్డు ఇరుక్కోని ఉండాది
తిరుపతి ఆఫీసులో.
బస్సు చార్జీ, ఒక దినం కూలి, ఒక టోకెను,
"మేడం లంచికి పోయింది."

మీ యూనియన్లో కుప్పుసామన్న ఉండేవాడు.
అప్పుడు నువ్వు బడికి పోతా ఉంటివి.
ఆయన సిద్ధాంతం ఎత్తుకుంటే మాకు నిద్దరొచ్చేది, నిజం చెబతా.
కానీ మా వదిన వేలు మిషన్లో పడిన రాత్రి
వేలూరు ఆస్పత్రి మెట్ల మీద తెల్లార్లూ కూర్చోని
ఫారాలు నింపినాడు,
ఒంటి చెప్పుతో. రెండోది ఆటోలో పడిపోయింది.
ఆయన పోయినంక యూనియన్ గది జిరాక్సు అంగడయింది.
కాగితానికి మూడు రూపాయలు.

మేము ఎవురి పక్కకీ పోలేదు నాయనా.
వాళ్లు వెయ్యి ఇస్తే తీసుకున్నాం,
మీరు ఐదు నూర్లు ఇస్తే అదీ తీసుకున్నాం.
ఆ పొద్దు అట్ట చాటున నిలబడి చూస్తే
ఏ గుర్తు ఎనకా తెలిసిన మొగం ఒకటీ కనబళ్లేదు.
ఏదో నొక్కినా. కూత పెట్టింది. ఇంటికొచ్చేసినా.

మొన్న మీ పెద్దాయన మైకులో అన్నాడు,
"శ్రామికవర్గాన్ని తిరిగి గెలుచుకుంటాం" అని.
మా సుగుణ నన్ను గిల్లింది,
"వాళ్లెవురుక్కా, ఏ ఊరోళ్లు?"

ట్యాబు మూసేసినావే?
ఇదో, పాసుబుక్కు.
రేపు మంగళవారం, ఆఫీసు తెరిచుంటాది,
ఆరున్నర బస్సుకు పోతే టోకెను దొరకతాది.
'య' ఉంచినా సరే, పీకేసినా సరే, నాకు సమ్మతమే.

ఓటు మాట ఇప్పుడెత్తొద్దు.
చెయ్యి కడుక్కో, సంగటి ఉండాది.
ఆ గిన్నె చూసి పట్టుకో,
అంచుకు సొన అంటుకోని ఉండాది.