మొదటి తెల్లవెంట్రుక

శివరాంపల్లి వార్డులో కిటికీ పక్క మంచం.
ఇప్పుడు సీసా కాదు, సంచి. ఎవరి నెత్తురో తెలీదు,
బహుశా మలక్‌పేట కాలేజీ క్యాంపులో
చెయ్యి చాచి, బిస్కెట్లు తిని, క్లాసుకి పోయిన కుర్రాడిది.
ఇరవై ఒక్క రోజులకోసారి
నేనిలా ఊరందరికీ చుట్టాన్నవుతాను.

నాకు ఆరేళ్ళప్పుడు
పెద్ద డాక్టరు అమ్మతో మెల్లగా అన్నాడు:
"పన్నెండు దాటదమ్మా. ఇంకొకరిని కనండి."
ఆయన అబద్ధం చెప్పలేదు.
అప్పటికి తెలిసింది అంతే.

అరువు నెత్తురుకి వడ్డీ ఇనుము.
గుండెలో, కాలేయంలో
పాతసామాన్ల కొట్టులా పోగుపడుతుంది.
దాన్ని తోడడానికి రాత్రుళ్ళు పొట్టలో సూది,
దిండు పక్కన గుర్రుమనే చిన్న పంపు.
ఎనిమిది గంటలు. వారానికి ఐదు రాత్రులు.
నిద్రలో దొర్లడం నేను నేర్చుకోలేదు.

రఫియా నేర్చుకుంది.
సూది పీకేసి అటు తిరిగి పడుకునేది.
"ఒక్క రాత్రన్నా మనిషిలెక్క పండుకోనియ్యవే" అనేది.
ఇరవై రెండేళ్ళకి
ఆ ఇనుప బరువు మొయ్యలేక దాని గుండె ఆగింది.

తర్వాత మూడేళ్ళకి మాత్ర వచ్చింది.
గ్లాసు నీళ్ళలో కలిపితే సున్నపు తేట,
నాలుక మీద సుద్దముక్క.
మొదటిరోజు తాగేసి
ఖాళీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను.
ఇంతేనా?
రఫియా, ఇంత చిన్నదా మనకి అందనిది?

ఎవరో కనిపెట్టారు, ఎక్కడో.
ఎలుకల మీద తప్పి, మళ్ళీ తప్పి,
పైవాళ్ళు డబ్బు ఆపేస్తే మళ్ళీ అర్జీ రాసుకుని.
మూడేళ్ళు ముందు ఎందుకు కాలేదని వాళ్ళనడగలేను.
అడక్కుండానూ ఉండలేను.

ఇవాళ కొత్త డాక్టరు హిమజ,
నాకంటే పదేళ్ళు చిన్నది,
కాగితం మీద గీతలు గీసి చూపించింది:
మూలుగలోంచి కణాలు తీసి, తప్పు సవరించి,
మళ్ళీ లోపల పెడతారట.
"అచ్చుతప్పు దిద్దినట్టే" అంది.
నారాయణగూడ ప్రెస్సులో పద్దెనిమిదేళ్ళుగా ప్రూఫులు దిద్దేదాన్ని,
నవ్వొచ్చింది.
ఒకటి దిద్దితే పక్క లైన్లో ఇంకోటి పుడుతుందని చెబుదామనుకున్నాను.
చెప్పలేదు. ఖరీదెంత అనడిగాను.
పెన్ను ఆగిపోయింది.
"తగ్గుతుంది" అంది కాసేపటికి,
నాకో, తనకో.

పక్క మంచం మీద రెండేళ్ళ పిల్ల.
వికారాబాదు నుంచి తెల్లారే బస్సెక్కిన తల్లి
నన్నడిగింది:
"మీ పాపనా, బాబా అక్కా? ఏడికి పోయిండ్రు?"
"ఎవరూ లేరు. ఈ మంచం నాదే."

ఆమె నా చేతికున్న సూదిని చూసింది. సంచిని చూసింది.
తర్వాత చాలాసేపు, పాపిట పక్కన
పోయిన నెలే కనిపించిన
ఆ ఒక్క వెంట్రుకని.

"ఎన్నేండ్లు నీకు?"
"నలభై రెండు."

పిల్ల కాలిమట్టె సర్దుతున్నట్టు తల వంచుకుని
వేళ్ళ మీద ఏదో లెక్కేసుకుంది.
వేళ్ళు చాల్లేదు.
మళ్ళీ మొదలుపెట్టింది.