నీళ్ళు వేసిన లెక్క

నవంబరులో వేట తెరుస్తారు చింబోతె రేవులో.
అంతకు నెల ముందే నా గీతలు ఇనుమయ్యాయి.
ఇరవై ఆరేళ్ళు నాకు. తెల్ల హెల్మెట్టు మీద
ఇంజనీర్ నెలిదా అని
ఇంకా గీత పడని అక్షరాలు.

పంపు నోరు ఆరంగుళాలు.
అయితే పైపూ ఆరంగుళాలే, అని గీసేశాను.
నోరెంతో గొంతూ అంతేనని
ఏ పుస్తకమూ చెప్పలేదు నాకు.
చెప్పనిదాన్నే నమ్మాను.

మొదటి పడవ వచ్చిన రాత్రి
ఎలెయుతేరియో వామన్‌చూమో,
ముప్పై ఏళ్ళుగా ఇక్కడ పైపులు అతుకుతున్నవాడు,
స్క్రూడ్రైవర్ మొన పంపు ఒంటికి ఆనించి
పిడిని చెవికి నొక్కుకున్నాడు.
"చేపలు తోడమంటే, ఇంజనీరమ్మా,
నీ పంపు గులకరాళ్ళు నములుతోంది."

రాళ్ళు కావవి. ఊపిరందని నీరు
బుడగలై పుట్టి, పుట్టినచోటే పగిలి
ఇనుప రెక్కల్ని కొరుక్కు తింటోంది.
నాలుగో రోజు విప్పి చూస్తే
పుచ్చిపోయిన పన్ను.

ఎనిమిదికి మార్చాం. మళ్ళీ అదే నమలడం.
ఎనిమిదిని ఆరుకు దించే ఒంటిపక్క రిడ్యూసర్
చదునైన వీపు పైకుండాలి,
నేను కిందికి పెట్టాను.
పైన మిగిలిన ఆ కాస్త గూనిలో
గాలి కాపురం పెట్టింది.
ఎలెయుతేరియో ఏమీ అనలేదు. బోల్టులు విప్పాడు,
తిప్పాడు, బిగించాడు,
సిగరెట్టు వెలిగించుకోవడానికి గేటు బయటికి వెళ్ళాడు.

(ఆవిరి లైనును రెండు చివర్లా గోడలకు బిగించింది నేను కాదు,
లీమాలో ఏసీ గదిలో ఎవరో.
వేడెక్కిన ఇనుము ఒళ్ళు విరుచుకోబోయి
చోటు దొరక్క ఫ్లాంజీని పక్కకు తోసిన తెల్లవారుజామున
అక్కడున్నది మాత్రం నేనే.
నవ్వు రాలేదు.)

అప్పట్నుంచి భయం పట్టుకుంది నాకు.
భయం ఎప్పుడూ పెద్ద సైజే అడుగుతుంది.

చేపల నెత్తుటి నీరు, సాంగ్వాసా అంటాం,
తొట్టి నుంచి శుద్ధి ట్యాంకుకు పోయే దారి
పది అంగుళాలు వేశాను.
రేపు ఫ్యాక్టరీ పెరుగుతుంది కదా అన్నాను.
మేనేజరు తలూపాడు.
ఇరుకైతే తిడతారు కానీ
వెడల్పు ఎక్కువైందని ఎవరు తిడతారు?
ఎలెయుతేరియో ఒక్కడే పైపులోకి తల దూర్చి చూసి అన్నాడు,
"ఇంత పెద్ద మంచం వేస్తే
ఎవరైనా పడుకుంటారు."

పడుకున్నారు.
ముందు ఇసుక. దాని మీద పొలుసులు.
పొలుసుల మీద కొవ్వు దుప్పటి.
పరుగు తీయాల్సిన నీరు నడిచింది,
నడకలో మోసింది కాస్త దించింది,
దించినది మళ్ళీ ఎత్తలేదు.

జనవరిలో వేట మూశాక
పైపును రంపంతో కోశాం.
ఆ కంపుకి గూడకొంగలు కూడా దూరంగా వాలాయి.
అడుగున సగం దాకా రాయిలా గట్టిపడిన మడ్డి,
పైన మాత్రం నునుపుగా, తేటగా
ఒక దారి.

ఆ రాత్రి ఆ ఖాళీని కొలిచి
కాగితం మీద వైశాల్యం కట్టాను.
రెండుసార్లు కట్టాను.
సరిగ్గా ఆరంగుళాల పైపంత.
పొలుసునీ ఇసుకనీ నిద్రపోనివ్వని వేగానికి
ఎంత కావాలో అంత.

నేను తప్పించుకు తిరిగిన లెక్కను
నీళ్ళు మూడు నెలలు కూర్చుని
రేణువు మీద రేణువు పేర్చి
వేసిపెట్టాయి.

చెయ్యి వెడల్పు ముక్క కోసి, కడిగి,
వారం రోజులు ఉప్పుగాలికి ఆరబెట్టి
ఎలెయుతేరియో నా బల్ల మీద పెట్టి పోయాడు.
పదకొండేళ్ళయింది. అతను రిటైరై
కొడుకు పడవకు వలలు కుడుతున్నాడు.

కొత్తగా చేరిన ఇల్మెర్ డ్రాయింగు పట్టుకొస్తాడు.
"మేడం, ఎందుకైనా మంచిది,
ఒక సైజు పెంచమంటారా?"

ముక్కను అతని వైపు జరుపుతాను.
ముందు వాసన చూడమంటాను.