అంచుకు పూత లేదు

లారీ దిగేటప్పుడు చుట్ట ఒక్కటే ఏడు టన్నులు.
క్రేను గొలుసు మూలుగుతుంటే
ఆటోనగర్ టీ బంకు దాకా
నేల ఒకసారి ఒళ్లు విరుచుకుంటుంది.
పై కాగితం చింపితే
పల్చటి నూనె వాసన,
ఇంకా ఎవరి ముఖమూ చూడని అద్దం
పొరలు పొరలుగా నిద్రపోతూ.

పోస్టుకార్డు కంటే పల్చన ఈ రేకు.
దాని మీద తగరం ఎంత మందమని
కొత్తగా చేరిన కుర్రాడు సువార్తరాజు అడిగాడు.
ఏం చెప్పను?
పాల మీద మీగడ అన్నా ఎక్కువే.
అద్దానికి ఊపిరి తగిలి
ఆరిపోయే ముందు ఉంటుందే, అంత అన్నాను.

మా తాత జానిమియాకి ఈ కొలతలు లేవు.
ఇస్లాంపేట నుంచి కాలవగట్టు మీదుగా
తోలుతిత్తి భుజానేసుకుని
"కళాయీ... గిన్నెలకు కళాయీ..." అని పోయేవాడు.
గుంట తీసి, బొగ్గు రాజేసి,
కాగిన ఇత్తడి గిన్నెలో
చిటికెడు నవాసారం చల్లితే
తెల్లటి పొగ. ఆ పొగలోకి చెయ్యి పెట్టి
దూదితో ఒక్క తుడుపు.
పచ్చటి గిన్నె కడుపులో వెన్నెల.
చింతపండు పులుసు చిలుమెక్కకుండా
ఏడాది పూచీ.
ఏడాదికి మళ్లీ అదే గుమ్మం, అదే గిన్నె,
అరిగిన చోట అరిగినంత.
స్టీలు గిన్నెలొచ్చాక
తిత్తి అటకెక్కింది.
తాత మాత్రం అరుగు మీదే, దగ్గుతూ.

ఇప్పుడు నా చేతికింద
నిమిషానికి నలభై రేకులు తెగుతాయి.
పదిహేను కిలోల నెయ్యి డబ్బాలకి కొన్ని,
గొల్లపూడి పచ్చళ్ల కంపెనీకి కొన్ని.
వాటికి లోపల బంగారు రంగు లక్క కూడా వేస్తారు,
ఆవకాయ ముందు ఒట్టి తగరం నిలవదు.

దీనమ్మ బల్ల దగ్గర నిలబడి
ఒక్కో రేకునీ వెలుగుకి వాల్చి చూస్తుంది.
గీత ఉంటే పక్కకి. మచ్చ ఉంటే పక్కకి.
రోజుకి రెండువేల సార్లు తన ముఖం చూసుకునే మనిషి
ఇంట్లోకి అద్దం కొనలేదట.
"అక్కడా ఇదేనా?" అంటుంది.

బుడమేరు పొంగిన వారం
పాయకాపురం గోడౌనులో పదకొండు చుట్టలు
నడుంలోతు నీళ్లలో నిలబడ్డాయి.
దీనమ్మ ఇల్లూ ఆ వీధే.
మంచం మీద మంచం,
దాని మీద ఆవిడా, మనవరాలూ, ఒక నెయ్యి డబ్బా.
డబ్బాలో రేషన్ కార్డు, పిల్ల టీకాల చీటీ, శేరు బియ్యం.
మూడో రోజుకి పడవొచ్చింది.
మూత తీస్తే బియ్యం గలగలలాడాయని చెప్పింది.
చెప్పే గొంతు మాత్రం నానిపోయి ఉంది.

నీళ్లు తీశాక బీమావాళ్ల సర్వేయరు వచ్చాడు.
చుట్ట విప్పాం.
ముఖం మీద మచ్చ లేదు,
వెలుగుకి వాల్చితే అదే మెరుపు.
రెండు అంచుల వెంట మాత్రం
బెత్తెడు లోపలికి పాకింది తుప్పు,
ఎర్రగా, తొందరేమీ లేనట్టు.

"పూత రేకే కదన్నా?" అన్నాడు సువార్తరాజు.
పూత ముఖానికిరా.
కోసిన చోట ఉండదు.
కోసిన చోట ఇనుము ఇనుమే.

దీనమ్మ తన వేళ్ల వైపు చూసుకుంది.
ఇరవై ఏళ్ల గాట్లు, సన్నగా, తెల్లగా,
ఒకదాని మీద ఒకటి.
గ్లౌజులు వేసుకుంటే
రేకు మాట వినపడదంటుంది.

సర్వేయరు రాసుకున్నది రాసుకుని పోయాడు.
మేం అంచులు కోసేశాం.
పీలికలు తుక్కు బండికి,
నడిమి రేకు రంగుల డబ్బాలకి. తిండికి పనికిరాదు.
కోసిన చోట
మళ్లీ కొత్త అంచు.

తాత పని ముగించేటప్పుడు
దూదిలో మిగిలిన తగరాన్ని
గిన్నె అంచు చుట్టూ ఒక్కసారి తిప్పేవాడు.
దానికి వేరే డబ్బులు అడిగేవాడు కాదు.
"మూతి తగిలే చోటు కదమ్మా" అనేవాడు.

అటక మీద ఆ తిత్తి
ఇంకా ఉందో, ఎలకలు కొట్టాయో.
ఈ ఆదివారం ఎక్కి చూడాలి.